నల్లమలలో కార్చిచ్చు : కారణములు, ఫలితములు, నివారణోపాయములు

ఫాల్గుణ చైత్ర మాసముల రాత్రులందు గిద్దలూరు గాని, దోర్నాల గాని చేరి కొండల వైపు చూచువారికి వాలు వెంబడి ఎఱ్ఱని గీత యొకటి కన్పట్టును. దూరమునుండి యది దీపముల వరుసవలె నుండును. పిల్లలు చూచి ముచ్చటపడుదురు. పెద్దలు “కొండ కాలుచున్నది” అని యొక మాట యని తమ పనిలో మునుగుదురు. ఏటేట కనబడునది గావున దానిని గూర్చి యెవరును ఆలోచింపరు.

ఒకనాడు తరగతిలో ‘దావానలము’ అను పదమునకు అర్థము చెప్పుచు, “అడవిలో నిప్పు ఎట్లు పుట్టును?” అని మేము అడిగితిమి. ఒకరు పిడుగు వలన ననిరి. మరియొకరు వెదుళ్ళు రాచుకొనుట వలన ననిరి. వెనుక బల్లపై కూర్చున్న విద్యార్థి, కొండక్రింది పల్లెవాడు, లేచి “సార్, మాకు మేకలున్నాయి. కొత్త గడ్డి వస్తుందని మావాళ్ళే పెడతారు” అనెను. తరగతి నవ్వెను. ఆ బాలుడు తల దించుకొని కూర్చుండెను. ఆనాడు మేము పాఠము ముగించి వెడలిపోయితిమే గాని అతనికి తగిన సమాధానము చెప్పలేదు. ఆ లోటు తీర్చుకొనుటకే ఈ వ్యాసము.

పద పరిచయము

‘దావము’ అనగా అడవి. అడవిని కాల్చు అగ్ని దావానలము. దీనినే అచ్చ తెనుగున కార్చిచ్చు అందురు. ‘కారడవి’ యందలి ‘కారు’, ‘చిచ్చు’ కలిసి యేర్పడిన మాట యిది. మన భాషలో వార్త కార్చిచ్చువలె వ్యాపించును. ఉర్దూలో ‘జంగల్ కీ ఆగ్’ వలె వ్యాపించును. రెండు భాషలవారును అడవి మంటయొక్క వేగమునే ఉపమానముగా గ్రహించిరి. మహాభారతమున ఆదిపర్వము ఖాండవ దహనముతో ముగియును. భాగవత దశమ స్కంధమున గోపాలురను చుట్టుముట్టిన దావాగ్ని కథ కలదు. పశువులు మేపుకొను జనులకును, అడవి మంటకును గల సంబంధము మన సాహిత్యమునకు క్రొత్త గాదు.

మన అడవి స్వభావము

మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతములు 1970 లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా యేర్పడువరకు కర్నూలు జిల్లాలో నుండెను. ఆ జిల్లాకు 1972 లో ప్రకాశము పేరు పెట్టబడెను. వర్షములు తక్కువ, వేసవి తీవ్రత యెక్కువగాగల భూమి యిది. దీనికి ఆనుకొని యున్న నల్లమల యడవి తూర్పు కనుమలలోని భాగము. ఇది ఆకురాల్చు జాతి అడవి. నల్లమద్ది, చిరుమాను, ఏగిస, నారేపి, తునికి, ఇప్ప, మోదుగ, వెదురు మొదలగునవి యిందు పెరుగును.

ఆకురాల్చుట ఈ వృక్షములు నీటిని కాపాడుకొను ఉపాయము. మాఘము మొదలుకొని ఆకులు రాలి నేలపై దట్టముగా పఱచుకొనును. వర్షాకాలమున మొలకాటి యెత్తున పెరిగిన గడ్డి అప్పటికి ఎండి పసుపు వన్నె దేరును. వెదురు కొన్ని దశాబ్దముల కొకసారి పూచి గుంపులు గుంపులుగా చచ్చును. దీనికి తోడు లాంటానా వంటి పరదేశపు పొదలు చెట్ల నడుమ అల్లుకొని యున్నవి. నిప్పునకు మూడు వస్తువులు కావలెను: ఇంధనము, గాలి, వేడి. మొదటి రెండును ఫిబ్రవరి నుండి జూన్ వరకు అడవిలోనే సిద్ధముగా నుండును. మూడవది మాత్రము మనుష్యుడు తెచ్చి యిచ్చుచున్నాడు.

కారణములు

పిడుగులు మన ప్రాంతమున సాధారణముగా వానతో గూడి పడును గావున వానివలన పుట్టు మంట లరుదు. వెదుళ్ళ రాపిడి మాట జనవాక్యమే గాని దానిని ముఖ్య కారణముగా శాస్త్రజ్ఞులు ఎంచుట లేదు. భారతదేశపు కార్చిచ్చులు దాదాపు అన్నియు మానవ హస్తమువలన కలుగునవియే. వానిని ఈ విధముగా విభజింపవచ్చును.

మొదటిది మేత. ఎండిన గడ్డి కాలినచో బూడిద యెరువై, వేరునందలి తేమతో లేత చిగురు వచ్చును. వేసవిలో జీవాలకు వేరు మేత దొరకని కాపరులు ఈ పని చేయుదురు.

రెండవది అటవీ ఫలసాయము. ఇప్పపూలు రాలు దినములలో ఏరుటకు వీలుగా చెట్టు క్రింది ఆకులను తగులబెట్టుట, తునికి పొదలు క్రొత్త ఆకు వేయవలెనని కాల్చుట, తేనె కొఱకు తెచ్చిన కాగడాను ఆర్పక విడుచుట ఇట్టివి.

మూడవది అజాగ్రత్త. శివరాత్రి, ఉగాది పండుగలు రెండును ఎండుటాకుల కాలముననే వచ్చును. దోర్నాల మార్గమున శ్రీశైలమునకు వేల వాహనములు పోవును. దారి ప్రక్కన వంట చేసి నిప్పులపై నీరు పోయకపోవుట, కాల్చిన బీడీ ముక్కను విసరుట చాలును.

నాల్గవది పొలముల నిప్పు. కోతలైన పిదప కొయ్యకాళ్ళకు, గట్లమీది కంపకు పెట్టిన మంట గాలికి అడవిలోనికి ప్రాకును.

ఇచ్చట ఒక మాట చెప్పవలసి యున్నది. అడవి కాలినంతనే చెంచులను నిందించుట పట్టణ వాసులకు పరిపాటి. తేనె, తపసి బంక, చింతపండు అమ్ముకొని జీవించు వారికి అడవి కాలుట ఇల్లు కాలుట వంటిది. పులుల అభయారణ్యమున కాపలా శిబిరములలో కావలి కాయువారిలోను, మంటలార్పు వారిలోను చెంచులు అనేకులు. తప్పెవరిదో తెలియక ఒక జాతిపై మోపుట విద్యావంతులకు తగదు.

మంట నడక

ఆస్ట్రేలియాలో 2009 ఫిబ్రవరి 7 న చెలరేగిన మంటలలో 173 మంది మరణించిరి. అచ్చటి నీలగిరి చెట్ల ఆకులలో తైలముండుటచే మంట కొమ్మలనెక్కి చెట్టునుండి చెట్టునకు దుమికెను. నల్లమల మంట సామాన్యముగా అట్టిది గాదు, నేలను ప్రాకునది. అందుచేతనే మనము దానిని తేలికగా చూచుచున్నాము. కాని ప్రాకెడి మంటయు ఏటవాలున పైకి పోవునపుడు వేగము పుంజుకొనును. వాలు పది డిగ్రీలు పెరిగినపుడెల్ల వేగము రమారమి రెట్టింపగునని నిపుణుల లెక్క. 2018 మార్చి 11 న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండలలో విహార యాత్రకు పోయిన యువతీ యువకులు వాలుమీద ఇట్టి మంటలో చిక్కుకొని ఇరువది మందికి పైగా మృతి చెందిరి. మన రాష్ట్రమున 2014 మార్చిలో తిరుమల శేషాచల అడవులు తగులబడినపుడు వాయుసేన హెలికాప్టర్లను రప్పింపవలసి వచ్చెను.

ఫలితములు

పెద్ద చెట్లు మందమైన బెరడుచే బ్రదుకును. చచ్చునవి మొలకలు. ప్రతి సంవత్సరము మొలకలు చచ్చుచున్న అడవి, పిల్లలు లేని వృద్ధుల ఊరు వంటిది. పైకి పచ్చగనే యుండును; ముసలి చెట్లు పడిన నాడు వాని స్థానమున నిలుచునది యుండదు. నేలపై గూడు కట్టు నెమళ్ళు, పూరేళ్ళు గ్రుడ్లను పోగొట్టుకొనును. తాబేళ్ళు పారిపోలేక కాలును. దుప్పి, కణితి మేత వెదకుచు పల్లెల వైపు దిగగా వాని వెనుక పులియు చిఱుతయు వచ్చును.

అన్నిటికంటె మనకు దగ్గఱి నష్టము నీటిది. గుండ్లకమ్మ నల్లమలలోనే పుట్టుచున్నది. ఆ యేటికి అడ్డముగా విజయనగర రాజుల కాలమున వరదరాజమ్మ కట్టించినదని చెప్పబడు కంభము చెఱువు నేటికిని పొలములకు నీరిచ్చుచున్నది. గిద్దలూరు చెంత సగిలేరు పారుచున్నది. ఆకు అలమును, మెత్తని మన్నును కొండమీద దుప్పటివలె నుండి వాన నీటిని నెమ్మదిగా లోనికి దింపును. ఆ దుప్పటి కాలినచో తొలకరి జల్లు మన్నును కడిగి వాగులలోనికి, వాగులు చెఱువులలోనికి తెచ్చును. చెఱువు పూడును, బావిలో ఊట తగ్గును. ఫ్లోరైడు నీటితో బాధపడు మన పల్లెలు బోరు నీటిపై మరింత ఆధారపడవలసి వచ్చును. కొండమీద పెట్టిన నిప్పు మన కడవలోని నీటిని తాకుచున్నదని అందుకే చెప్పవలసి యున్నది.

నివారణోపాయములు

భారత అటవీ సర్వే సంస్థ 2019 నివేదిక ప్రకారము దేశమునందలి అటవీ విస్తీర్ణములో నూటికి 36 పాళ్ళు తరచుగా మంటలకు గురియగు స్వభావము గలది. ఆ సంస్థ 2004 నుండి ఉపగ్రహముల సాయమున మంటలను గుర్తించి అటవీ సిబ్బందికి తెలుపుచున్నది. మొదటి పరికరము ఒక కిలోమీటరు చదరమును మాత్రమే గుర్తింపగలిగెను. తరువాతి పరికరము 375 మీటర్ల మేరను గుర్తించుచున్నది. కాని ఉపగ్రహము చూడగలదే గాని ఆర్పలేదు.

ఆర్పు విధములు పాతవియే. వేసవికి ముందే దారుల వెంబడి, కొండ వాలులపై ఆకును ఊడ్చి, గడ్డిని కోసి ఖాళీ పట్టీలు తీయుదురు. ‘ఫైర్ లైన్లు’ అనబడునవి యివియే. మంట అచ్చటికి వచ్చి తినుటకేమియు లేక ఆగును. చలికాలపు చివర, గాలి లేని వేళ, అధికారుల పర్యవేక్షణలో కొద్ది కొద్దిగా కాల్చుటయు ఒక పద్ధతి. ఇంధనము పోగుపడనీయమి దాని ప్రయోజనము. మంట వచ్చినపుడు పచ్చి కొమ్మలతో కొట్టుట, ఇప్పుడు గాలి యంత్రములతో ఆకును చెదరగొట్టుట, తప్పనిసరియైనచో ఎదురు నిప్పు పెట్టుట జరుగును. ఈ చివరిది అనుభవజ్ఞులు చేయదగిన పని, ఇతరులు చేయరాదు.

చట్టము స్పష్టముగా నున్నది. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టము రక్షిత అడవిలో నిప్పు పెట్టుటను నిషేధించుచున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు 30 వ సెక్షను అభయారణ్యమునకు అదే నిషేధము విధించినది. అయినను చట్టము మేకకు మేత పెట్టజాలదు. కాపరికి వేసవి మేత యొక ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానము దొరకు వరకు అగ్గిపెట్టె అతని చేతిలోనే యుండును. గడ్డిని కాల్చుటకు బదులు కోసి ఎత్తుకొని పోవుటకు అనుమతి, పొలము గట్లపై మేతచెట్ల పెంపకము, బంజరులలో గడ్డి విత్తనములు చల్లుట దారులు కాగలవు. 1992 లో మన రాష్ట్రమున మొదలైన వన సంరక్షణ సమితుల వెనుక నున్న భావమిదియే: అడవివలన లాభము పొందువాడే అడవిని కాచును.

విద్యార్థులు చేయదగినవి

కొండక్రింది పల్లెలనుండి వచ్చు విద్యార్థులారా, మీ యింటి పెద్దలకు ఈ విషయము మా కంటె మీరే బాగుగా చెప్పగలరు. పొగ కనబడినచో బీటు ఆఫీసరుకు గాని, గ్రామ పెద్దలకు గాని వెంటనే తెలుపుడు. మంట చెంత చిక్కినచో పైవాలునకు పరుగెత్తకుడు. ప్రక్కకు తప్పుకొని కాలిపోయిన నేలను గాని, వాగును గాని చేరుడు. ముక్కునకు తడిగుడ్డ కట్టుకొనుడు.

కళాశాల పాలక సంఘము వారికి మా విన్నపము ఒక్కటి. ప్రతి సంవత్సరము ఫిబ్రవరి మాసమున, పరీక్షలకు ముందు, ఒక ఆదివారము విద్యార్థులను కొండక్రింది పల్లెలకు పంపుడు. తెలుగున కొందరు, ఉర్దూలో కొందరు ఈ నాలుగు మాటలు ఇంటింట చెప్పి వత్తురు. వ్యయము స్వల్పము.

ఆనాడు తల దించుకొన్న విద్యార్థికి మేము చెప్పవలసిన దింతే. నాయనా, ఆ తరగతిలో సరియైన సమాధానము చెప్పినవాడవు నీవొక్కడవే. సిగ్గుపడవలసిన పని లేదు. మీవాళ్ళు గడ్డి కొఱకు నిప్పు పెట్టుచున్నారు. ఆ నిప్పు మూడు నెలలకు గడ్డి నిచ్చి, ముప్పది యేండ్లకు నీటిని తీసికొనిపోవుచున్నది. ఈ లెక్క ఇంటికి పోయి మీ నాయనకు చెప్పుము. అతడు మేకలు కాచువాడు. లాభనష్టముల లెక్క మా కంటె అతనికే బాగుగా తెలియును.