భార్య, భర్త, బంధువులు: ఇంగ్లిష్‌లో ఎవరిని ఏమనాలి?



ఈ నెల ఐదు, ఆరు తరగతుల పిల్లలు ఇంగ్లిష్‌లో 'మై ఫ్యామిలీ' అనే వ్యాసం రాస్తున్నారు. దానికి కావలసిన మాటలు టెక్స్ట్‌బుక్‌లో కంటే మీ ఇంట్లోనే ఎక్కువగా వినబడతాయి. అందుకే ఈసారి ఇంగ్లిష్ పేజీ పిల్లలకు కాదు, మీకు. పెళ్లితో ఏర్పడే చుట్టరికాలను తెలుగు ఒకలా లెక్కపెడుతుంది, ఇంగ్లిష్ మరోలా లెక్కపెడుతుంది. పిల్లలు తడబడేది సరిగ్గా అక్కడే.

హజ్బెండ్, వైఫ్ అందరికీ తెలిసిన మాటలే. పాత నార్స్ భాష నుంచి వచ్చిన 'హజ్బెండ్'కి మొదటి అర్థం ఇంటి యజమాని. పెళ్లయినవాడా కాదా అన్న ప్రశ్న అందులో లేదు. 'వైఫ్' అన్నా మొదట్లో స్త్రీ అనే అర్థం. కాన్పు చేసే మంత్రసానిని 'మిడ్‌వైఫ్' అనడంలో ఆ పాత అర్థం ఇంకా మిగిలి ఉంది.

ఫారాల్లో కనబడేది 'స్పౌజ్'. భర్త నింపితే భార్య పేరు, భార్య నింపితే భర్త పేరు రాయాలి. లాటిన్‌లో 'మాట ఇవ్వడం' అనే ధాతువు నుంచి పుట్టింది. స్పాన్సర్, రెస్పాన్సిబుల్ కూడా ఆ కుటుంబంలోవే. 'పార్ట్‌నర్' అంటే మనకు వ్యాపారంలో వాటాదారు గుర్తొస్తాడు కానీ, ఇంగ్లండ్, అమెరికాల్లో పెళ్లయినా కాకపోయినా కలిసి జీవించే మనిషిని అలా అంటారు. ఈ రెండు మాటల తేడా ఒక్కోసారి చాలా ఖరీదైనది. హెచ్-1బి మీద అమెరికా వెళ్లేవారి వెంట హెచ్-4 వీసాకు అర్హులు స్పౌజ్, 21 ఏళ్లు నిండని పెళ్లికాని పిల్లలు మాత్రమే. పార్ట్‌నర్‌కు, నిశ్చితార్థం మాత్రమే అయినవారికి ఆ వీసా రాదు.

నిశ్చితార్థం అంటే గుర్తొచ్చింది. 'నా వుడ్‌బీ' అని మనం హాయిగా వాడే మాట బయటి దేశాల్లో చాలామందికి అర్థం కాదు. అక్కడ 'ఫియాన్సే' అంటారు. ఫ్రెంచ్ నుంచి వచ్చిన మాట కనుక అబ్బాయికైతే చివర ఒక 'ఇ', అమ్మాయికైతే రెండు. పలకడం మాత్రం ఒకటే. 'బెటర్ హాఫ్' మన అర్ధాంగికి దగ్గరగా ఉంటుంది, కాస్త చమత్కారంగా అనడానికి బాగుంటుంది. ఫారంలో మాత్రం రాయకండి.

పెళ్లి మాటల్లో పిల్లలు ఎక్కువగా చేసే పొరపాటు 'మ్యారీడ్ విత్'. తెలుగులో 'తో' ఉంది కదా అని 'విత్' పెడతారు. 'మ్యారీడ్ టు' అనాలి. అలాగే 'మా అక్క మ్యారేజ్ ఆదివారం' అనడం మన అలవాటు. ఇంగ్లిష్‌లో ఆ రోజు జరిగే వేడుక వెడ్డింగ్, ఆ తరువాత సాగేది మ్యారేజ్.

ఇక అసలు చిక్కు 'ఇన్-లా'. వదిన, మరదలు, ఆడపడుచు, తోడికోడలు... నలుగురికీ సిస్టర్-ఇన్-లా ఒక్కటే. బావ, మరిది, బావమరిది, తోడల్లుడు అందరూ బ్రదర్-ఇన్-లా. వియ్యంకుడికైతే ఇంగ్లిష్‌లో వాడుక మాటే లేదు, 'మా అమ్మాయి మామగారు' అని చుట్టు తిప్పి చెప్పాలి. స్పానిష్‌లో ఉంది, 'కోన్‌స్వేగ్రో' అంటారు. ఈ విషయంలో ఇంగ్లిష్ మనకంటే పేద భాష అని పిల్లలకు నిరభ్యంతరంగా చెప్పవచ్చు.

చిక్కు రెండో వైపు నుంచి కూడా ఉంది. మనలో మేనరికం ఆచారం ఉండడం వల్ల అమ్మ తమ్ముడూ మామే, పెళ్లాక భార్య తండ్రీ మామే. మేనమామ కూతురు మరదలే, భార్య చెల్లెలూ మరదలే. పదేళ్ల పిల్లవాడు 'మామ' అని యాప్‌లో కొట్టి, వచ్చిన ఫాదర్-ఇన్-లాను తీసుకొచ్చి, పండక్కి సైకిల్ కొనిచ్చిన మేనమామకు తగిలించేస్తే టీచర్‌కు నవ్వాగదు. పెళ్లికాని పిల్లలకు ఇన్-లా బంధువులు సాధారణంగా అన్న భార్యో, అక్క భర్తో మాత్రమే. మిగిలిన వారంతా అంకుల్, ఆంట్, కజిన్. పెదనాన్న కొడుకైనా మేనత్త కొడుకైనా ఉత్త కజిన్ చాలు, 'కజిన్ బ్రదర్' అక్కర్లేదు.

ఒక మాట నెమ్మదిగా చెప్పాలి. ప్రతి సెక్షన్‌లోనూ అమ్మానాన్నల్లో ఒకరే ఉన్న పిల్లలు ఉంటారు. ఈ వ్యాసం వారికి అందరికంటే కష్టం, తప్పు మాట పడితే ఇంకా కష్టం. 'మై ఫాదర్ ఎక్స్‌పైర్డ్' అని రాస్తారు, ఎందుకంటే పెద్దలు అలాగే అంటారు. ఇతర దేశాలవారికి ఎక్స్‌పైర్ అయ్యేది మందుల సీసా, డ్రైవింగ్ లైసెన్స్. 'మై ఫాదర్ పాస్డ్ అవే' అనో, 'మై లేట్ ఫాదర్' అనో నేర్పండి. 'లేట్ వైఫ్' అంటే చనిపోయిన భార్య, 'ఎక్స్-వైఫ్' అంటే విడాకులైన భార్య. ఈ రెండూ తారుమారైతే బాధపడేది బతికున్న మనిషి. 'సెపరేటెడ్' అంటే వేరుగా ఉంటున్నా చట్టప్రకారం వివాహం ఇంకా ఉన్నట్టే. మన 'విధవ', ఇంగ్లిష్ 'విడో' ఒకే పురాతన మూలం నుంచి వచ్చిన మాటలు. కానీ తెలుగులో అది తిట్టుగా మారిపోయింది, ఇంగ్లిష్‌లో ఫారంలోని మామూలు మాటగానే ఉంది. 'విడోడ్' అన్న గడిలో టిక్ పెట్టడానికి ఏ తల్లీ సంకోచించనవసరం లేదు.

అన్ని గడులూ నింపి తీరాలన్న భయమూ వద్దు. 2016 డిసెంబరులో విదేశాంగ శాఖ పాస్‌పోర్ట్ నిబంధనలు సడలించింది. దరఖాస్తులో తల్లి, తండ్రి, చట్టబద్ధ సంరక్షకులు, వీరిలో ఒక్కరి పేరు ఇచ్చినా చాలు. విడాకులు తీసుకున్నవారు మాజీ స్పౌజ్ పేరు రాయనక్కర్లేదు. వ్యాసంలోనూ అంతే. 'మా ఇంట్లో అమ్మ, అమ్మమ్మ, నేను ఉంటాం' అని రాసిన పిల్లకు అది పూర్తి కుటుంబమే. లేని నాన్న గురించి ఒక వాక్యం కల్పించమని ఇంట్లో ఎవరూ చెప్పకండి.

చివరగా మన స్కూల్ ఫారాల గురించి. 'రిలేషన్‌షిప్ టు స్టూడెంట్' దగ్గర చాలామంది నాన్నలు 'సన్' అని రాస్తుంటారు. అక్కడ అడిగేది విద్యార్థికి మీరు ఏమవుతారని. కాబట్టి 'ఫాదర్' అని రాయాలి. అమ్మమ్మ సంతకం చేస్తే 'మెటర్నల్ గ్రాండ్‌మదర్', నాయనమ్మ అయితే 'పెటర్నల్ గ్రాండ్‌మదర్', బాబాయి అయితే 'పెటర్నల్ అంకుల్', మేనమామ అయితే 'మెటర్నల్ అంకుల్'. సాయంత్రం గేటు దగ్గర బిడ్డను ఎవరికి అప్పగించాలో సెక్యూరిటీ సిబ్బంది చూసేది ఆ గడినే.