ఇసుకలో ముల్లంగి

ముల్లంగి పెట్టేముందు బోరు నీళ్లు ఒక గుక్క పుక్కిలించి ఉమ్మండి. నాలుకకు ఏమాత్రం ఉప్పగా తగిలినా ఆ నీళ్లు ఈ పంటకు వద్దు. మైపాడు, కోడూరు, తుమ్మలపెంట లాంటి మన నెల్లూరు సముద్రం ఒడ్డు ఊళ్లలో ఒక పెరట్లో తియ్యటి నీళ్లు పడితే పక్క పెరట్లో ఉప్పునీళ్లు పడతాయి. బీట్‌రూటు ఆ ఉప్పును చాలావరకు ఓర్చుకుంటుంది. ముల్లంగి ఓర్చుకోలేదు.

నేల విషయంలో మాత్రం మన తీరం పెట్టి పుట్టింది. నల్లరేగడిలో గడ్డ వంకరపోకుండా చూసుకోవడానికి ఎంత తంటాలు పడతారో! మన ఇసుకలో వేరుకు అడ్డేముంది, నిలువునా దిగిపోతుంది. అయితే ఇసుకలో నీళ్లూ నిలవవు, సారమూ నిలవదు. అందుకని మూరెడు లోతు తవ్వి, బాగా మాగిన పశువుల ఎరువూ, ఊరి చెరువు పూడికమట్టీ కలపాలి. పదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పున్న మడికి నేను రెండు తట్టల ఎరువు, ఒక తట్ట మట్టి వేస్తాను. రొయ్యల గుంటల మట్టి ఎవరైనా ఊరికే ఇస్తామన్నా తెచ్చుకోకండి, దాన్నిండా ఉప్పే. పచ్చి పేడ వేస్తే గడ్డ చీలి రెండు కాళ్లూ మూడు కాళ్లూ వస్తాయి.

విత్తడం ఎప్పుడన్నది వానను బట్టి. మనకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యనే పడుతుంది. ఆ వానలు పైమట్టిలోని ఉప్పును కిందికి కడిగేస్తాయి, అంతవరకు మేలే. తొందరపడి విత్తితే మొలకల్నీ కడిగేస్తాయి. 2023 నవంబరు చివర్లో నేను అలాగే విత్తాను. రెండాకులు విచ్చుకున్నాయో లేదో, మిచాంగ్ తుపాను వచ్చింది. డిసెంబరు 5న అది బాపట్ల దగ్గర తీరం దాటేసరికి మా బోదెలు ఆనవాలు లేకుండా పోయాయి. నీళ్లు ఇంకాక మళ్లీ బోదెలు ఎగదోసి విత్తితే, సంక్రాంతి దాటాక గడ్డ చేతికొచ్చింది. అప్పట్నుంచీ డిసెంబరు రెండో వారం దాకా ఆగుతున్నాను.

తొలిసారి పెంచేవాళ్లు పూసా చేత్కి రకం తీసుకోండి. వేడికి తట్టుకుంటుంది, 40-45 రోజుల్లో వస్తుంది. చలి కోరుకునే పూసా హిమానీ మనకు పనికిరాదు.

బోదెకూ బోదెకూ మధ్య జానెడు, విత్తుకూ విత్తుకూ మధ్య బెత్తెడు ఎడం ఉంచి, అర అంగుళం లోతున చోటుకు రెండేసి గింజలు వెయ్యండి. నారు పోసి నాటే పంట కాదిది, పీకి నాటితే వేరు పాడవుతుంది. నాలుగైదు రోజుల్లో మొలుస్తుంది.

తర్వాతి పనికి చాలామందికి మనసొప్పదు. పది రోజులకు, చోటుకు ఒక్క మొక్కే ఉంచి రెండోదాన్ని తీసెయ్యాలి. జాలిపడి రెండూ ఉంచితే రెండూ చూపుడువేలంత లావు దగ్గరే ఆగిపోతాయి. పీకిన మొక్క వేరు చూడండి, తెల్లటి దారంలా ఉంటుంది. నోట్లో వేసుకుంటే అప్పుడే ముల్లంగి ఘాటు తెలుస్తుంది. ఈ లేత మొక్కలన్నీ కడిగి పప్పులో వేసుకోవచ్చు.

నీళ్లు రోజూ పొద్దున్నే, కొంచెం కొంచెంగా. రెండు రోజులు ఎండగట్టి మూడోరోజు ముంచెత్తితే గడ్డ నిలువునా పగులుతుంది. ఇసుకలో బోరాన్ నిలవక గడ్డ లోపల గోధుమరంగు మచ్చలు పడటమూ ఉంది. ఎరువు దండిగా వేసిన మడిలో నాకు ఆ బాధ తగ్గింది. ఆకు అడుగున పేనుబంక కనిపిస్తే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి.

నలభయ్యో రోజు నుంచి మొక్క మొదట్లో ఇసుకను వేలితో పక్కకు తొయ్యండి. తెల్లటి గడ్డ తల రూపాయి బిళ్లకన్నా వెడల్పుగా కనిపిస్తే తీసెయ్యొచ్చు. ఇంకా లావవుతుందని ఉంచేస్తే లోపల బెండు పడుతుంది, కూరకు రుచి ఉండదు. నీళ్లు పెట్టిన కాసేపటికి ఆకుల మొదలు కూడదీసి పట్టుకుని లాగితే సులువుగా వస్తుంది. వెంటనే ఆకు కోసెయ్యండి, ఉంచితే గడ్డలోని తేమ లాగేస్తుంది. ఆకు ఆ పూటే పెసరపప్పులోకి. గడ్డ తడిగుడ్డలో చుడితే రెండు మూడు రోజులు ఉంటుంది గానీ, మా ఇంట్లో ఆ సాయంత్రానికే ఎండు రొయ్యల పులుసులో పడిపోతుంది.