వానలో సైకిల్ తొక్కడానికి ఎలాంటి జాకెట్ కొనాలి?

వానలో సైకిల్ తొక్కేవారిని నీళ్లు బయటి నుంచి, చెమట లోపలి నుంచి తడుపుతాయి. రబ్బరు పూత ఉన్న మామూలు రెయిన్‌కోటు వానను ఆపుతుంది కానీ చెమటను బయటికి పోనివ్వదు. గోర్‌టెక్స్ వంటి పొరల్లోని సూక్ష్మరంధ్రాలు నీటి బొట్టును ఆపి ఆవిరిని వదులుతాయి. అయితే ఆవిరి బయటికి పోవాలంటే లోపలికన్నా బయట తేమ తక్కువగా ఉండాలి. విశాఖలోనో హైదరాబాద్‌లోనో వాన పడేటప్పుడు గాలి వెచ్చగా, తేమతో నిండి ఉంటుంది. చలి దేశాల్లో పనిచేసినంత బాగా ఖరీదైన పొర కూడా ఇక్కడ పనిచేయదు. అందుకే చంకల కింద జిప్పులు, వీపు మీద గాలి ఆడే సందులు ఉన్నాయా అన్నది ముందు చూడాలి.

లేబుల్ మీద 10,000 మి.మీ. అని ఉంటే, పరీక్షలో అంత ఎత్తు నీటి ఒత్తిడిని గుడ్డ తట్టుకుందని అర్థం. రోజువారీ ప్రయాణానికి అది చాలు. కుట్ల మీద లోపలివైపు టేపు అంటించి లేకపోతే మాత్రం ఆ అంకెను నమ్మలేం. ముందుకు వంగినా నడుము తడవకుండా వెనకభాగం పొడవుగా ఉండాలి. తడవకపోవడం కన్నా వెనక వచ్చే లారీ డ్రైవరుకు కనబడటం ముఖ్యం. ముదురు రంగులు వద్దు, వెలుగు పడితే మెరిసే పట్టీలు తప్పనిసరి.

ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ సాఫ్టెనర్ వాడితే నీటిని జార్చే పైపూత దెబ్బతింటుంది.