గుమ్మడి సాగులో పంట మార్పిడి: పంట కుటుంబం, వేరు ఆధారంగా నిర్ణయం

గుమ్మడి తరువాత దోస, దోస తరువాత టమాట వేసిన రైతు తాను పంట మార్చినట్లే భావిస్తాడు. నేలలోని తెగుళ్ళ దృష్టిలో మాత్రం ఇది మార్పిడి కాదు. గుమ్మడి, బూడిద గుమ్మడి, దోస, కాకర, బీర, సొర, పొట్ల, పుచ్చ, ఖర్బూజ అన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. టమాట వేరే కుటుంబానికి చెందినదైనా, వేరుబుడిపె నులిపురుగుకు గుమ్మడి వలెనే ఆశ్రయమిస్తుంది. కావున పంట పేరును కాక, పంట కుటుంబాన్ని, నేలలో మిగిలిన సమస్యను బట్టి మార్పిడిని నిర్ణయించాలి.

నేలలో నిలిచే సమస్యలు

నేల ద్వారా సంక్రమించే తెగుళ్ళన్నీ ఒకే కాలం నిలిచి ఉండవు. గుమ్మడిలో కాండం మొదలు కుళ్ళుకు కారణమైన ఫ్యుజేరియం సొలాని శిలీంధ్రం సాధారణంగా రెండు, మూడు సంవత్సరాలకు మించి నేలలో జీవించలేదు. అందువలన మూడు, నాలుగేళ్ళ మార్పిడి దీనిపై బాగా పనిచేస్తుంది. పుచ్చ, ఖర్బూజలలో ఎండు తెగులు కలిగించే ఫ్యుజేరియం ఆక్సిస్పోరం అనేక సంవత్సరాలు నిలిచి ఉంటుంది. దీనిని మార్పిడి ఒక్కటే నిర్మూలించలేదు. ఫైటాఫ్తొరా కాప్సిసి గుమ్మడితో పాటు మిరప, వంగ, టమాటలను కూడా ఆశిస్తుంది. ఇది కనిపించిన పొలంలో గుమ్మడి తరువాత మిరప వేయడం తెగులును పోషించడమే అవుతుంది.

ఒక తెగులును తట్టుకొనే మొక్క మరొకదానికి లొంగవచ్చు. పుచ్చను ఎండు తెగులు నుండి కాపాడుటకు గుమ్మడి సంకరాలను అంటు మొక్కల వేరుమూలంగా వాడుతారు. అదే వేరుమూలం వేరుబుడిపె నులిపురుగుకు సులువుగా లోనవుతుంది.

కోత అనంతరం వేరు పరిశీలన

చివరి కోత ముగియగానే పొలంలో అక్కడక్కడ మొక్కలను వేళ్ళతో సహా తవ్వి తీసి పరిశీలించాలి. వేళ్ళపై బుడిపెలుంటే నులిపురుగు, నేలమట్టం వద్ద కాండం గోధుమ రంగులో కుళ్ళి ఉంటే మొదలు కుళ్ళు అని అనుమానించి, నమూనాలను ప్రయోగశాలలో నిర్ధారించుకోవాలి. తెగులు సోకిన తీగలను, కుళ్ళిన కాయలను పొలంలో దున్నరాదు, పెంటకుప్పలో వేయరాదు.

అనువైన పంటల వరుస

మొదలు కుళ్ళు ఉన్న పొలంలో మొదటి ఏడు గుమ్మడి, రెండవ ఏడు జొన్న, మూడవ ఏడు వేరుశనగ వేసి, నాలుగవ ఏడు తిరిగి గుమ్మడి వేసుకోవచ్చు. నులిపురుగు ఉన్నచోట జాతిని గుర్తించడం అవసరం. మెలాయిడోగైన్ ఇంకాగ్నిటా వేరుశనగపై వృద్ధి చెందదు, మెలాయిడోగైన్ అరినేరియా మాత్రం వృద్ధి చెందుతుంది. బంతి, జనుము నులిపురుగుల సంఖ్యను తగ్గించుటకు తోడ్పడతాయి. పెసర, బెండ వాటికి ఆశ్రయమిస్తాయి కనుక ఇటువంటి పొలానికి తగవు. నీటి వసతి గల బరువు నేలల్లో వరి వేసినప్పుడు నిలువ నీటి వలన నులిపురుగులు తగ్గుతాయి.

నేల సంరక్షణ

గుమ్మడిని ఎడంగా గుంతల్లో విత్తుతారు. తీగలు పాకి నేలను కప్పేవరకు గుంతల మధ్య భూమి ఎండకు, వానకు గురవుతుంది. ఈ దశలో వరిగడ్డి లేదా ఎండుటాకులు పరచితే తేమ నిలుస్తుంది, మట్టి కోత తగ్గుతుంది, తరువాత కాయ తడి నేలను తాకదు. గుమ్మడికి ముందు జనుమును పెంచి, పూత దశలో, కాండం ముదరక మునుపే కలియదున్నితే సేంద్రియ పదార్థం, నత్రజని చేరుతాయి. అది కుళ్ళుటకు తగిన వ్యవధి ఇచ్చిన తరువాతే విత్తాలి. బాగా చివికిన పశువుల ఎరువును గుంతల్లో వేసి, భూసార పరీక్షను అనుసరించి నత్రజని, భాస్వరం, పొటాష్ అందించాలి. నీరు నిలిచే పల్లపు చోట్ల ఎత్తు మడులు తప్పనిసరి.

మార్పిడి పరిమితులు

బూడిద తెగులు గాలి ద్వారా, మొజాయిక్ వైరస్‌లు పేనుబంక, తెల్లదోమల ద్వారా వ్యాపిస్తాయి. పండు ఈగ పక్క పొలం నుండి ఎగిరి వస్తుంది. వీటికి పంట మార్పిడి పరిష్కారమని రైతుకు చెప్పరాదు. అలా చెప్పిన సలహా మొదటి ఏడే విఫలమైతే, నిజంగా ఫలించే చోట కూడా రైతు దానిని విశ్వసించడు. విస్తరణ శాస్త్రవేత్త ముందుగా వేరును పరిశీలించి, గత మూడేళ్ళ పంటల వివరాలను రైతును అడిగి తెలుసుకొని, ఆ తరువాతనే పంటల వరుసను సూచించాలి.