ఇంటి పన్నుకు ఓటేసిందెవరు?

(కాలిఫోర్నియా తెలుగువారి ఆస్తి సందేహాలు - సమాధానాలు)

ప్రశ్న: ట్రేసీ దగ్గర కొత్త ఇల్లు కొన్నాం. ఈ రాష్ట్రంలో ప్రాపర్టీ టాక్స్ ఒక శాతం దాటదని విని బడ్జెట్ వేసుకున్నాం. తీరా బిల్లు 1.7 శాతానికి తేలింది. అందులో మెల్లో-రూస్ అని పెద్ద పద్దు ఉంది. అడిగితే ‘అది ఓటర్లు ఆమోదించిన పన్ను’ అన్నారు. మా వీధిలో ఎవరూ ఓటేసినట్టు లేదు. మరి ఎవరేశారండీ?
- ఒక పాఠకుడు, ట్రేసీ

జవాబు: చాలావరకు మీ లేఅవుట్ వేసిన కంపెనీయే. 1982 నాటి మెల్లో-రూస్ చట్టం ప్రకారం ఇలాంటి ప్రత్యేక పన్నుకు మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. అయితే ఆ హద్దుల్లో నమోదైన ఓటర్లు 12 మంది కూడా లేకపోతే ఓటు హక్కు భూమి యజమానులకు పోతుంది. అదీ మనిషికో ఓటు కాదు, ఎకరానికో ఓటు. మీ వీధి ఇంకా ఖాళీ నేలగా ఉన్న రోజుల్లో ఆ ఎకరాలన్నీ ఎవరి పేరున ఉండి ఉంటాయి? ఒక్క సంతకంతో ‘ఎన్నిక’ ముగుస్తుంది. రోడ్లు, బడి, పార్కుల కోసం బాండ్లు అమ్ముతారు. ఆ అప్పు తర్వాత వచ్చిన మీరు తీరుస్తారు. చట్టబద్ధమే, కాదనను. దాన్ని ప్రజామోదం అంటే మాత్రం నాకు నవ్వొస్తుంది.

ఇక ఆ ఒక శాతం సంగతి. 1978 జూన్‌లో ఓటర్లు నెగ్గించిన ప్రపొజిషన్ 13 మూల పన్నును ఒక శాతానికి కట్టేసింది. దాని మీద బాండ్లు, పార్సెల్ టాక్సులు, మెల్లో-రూస్ వచ్చి కూర్చుంటాయి. బిల్లులో ఇవన్నీ విడివిడి పద్దులుగా కనిపిస్తాయి. ఒక్కో పద్దు పక్కన ఫోన్ నంబరు కూడా ఉంటుంది. ఫోన్ చేసి రెండే అడగండి: ఏ సంవత్సరంతో ముగుస్తుంది? ముందే ఒకేసారి కట్టేసే వీలుందా? మళ్లీ ఇల్లు కొనేటప్పుడు గ్రానైట్ గట్టు చూసి మురిసిపోయే ముందు ప్రత్యేక పన్ను నోటీసు చేతిలోకి తీసుకోండి. అమ్మేవారు దాన్ని ఇచ్చి తీరాలి.

ప్రశ్న: మా స్కూల్ డిస్ట్రిక్ట్ బాండ్ బ్యాలట్ మీదికి వచ్చింది. ‘ఏడాదికి ఏమంత పడదు, ఎస్ అనండి’ అంటున్నారు పక్కింటి పెద్దాయన. ఇల్లు మాదే, పన్ను మేమే కడుతున్నాం. మావారికీ నాకూ ఉన్నది గ్రీన్‌కార్డే. మేం ఓటెయ్యొచ్చా?
- ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్

జవాబు: వెయ్యకూడదమ్మా. ఓటు పౌరసత్వానికే గానీ ఇంటికి కాదు. అద్దెకుండే పౌరుడు మీ ఇంటి పన్ను మీద ఓటేస్తాడు, మీరు వెయ్యలేరు. బాధగా ఉంటుంది, ఒప్పుకుంటాను. అయినా డ్రైవింగ్ లైసెన్సు పని మీద డీఎంవీకి వెళ్లినప్పుడు ‘మీరు పౌరులా?’ అన్న గడిలో పొరపాటున కూడా టిక్ పెట్టకండి. పౌరులమని తప్పుగా చెప్పుకోవడం ఇమిగ్రేషన్ చట్టం దగ్గర చాలా పెద్ద తప్పు. హెచ్ఓఏ (ఇంటి యజమానుల సంఘం) ఎన్నికల్లో మాత్రం ఇంటి యజమానిగా మీకు ఓటుంది, వదులుకోకండి. నెలవారీ రుసుమును ఒకే ఏడాదిలో 20 శాతానికి మించి పెంచాలంటే సంఘం బోర్డు మీలాంటి ఇంటి యజమానుల ఓటు అడగాల్సిందే.

పెద్దాయన మాటకొద్దాం. ఆయన అబద్ధమాడలేదు, తన బిల్లు చూసి చెప్పారు. బడి బాండ్ నెగ్గాలంటే 55 శాతం ఓట్లు చాలు. ఆ భారం పడేది మార్కెట్ ధర మీద కాదు, కౌంటీ రికార్డులోని పన్ను విలువ మీద. ఆ విలువ కొన్న ధరతో మొదలై ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు. లక్షకు 60 డాలర్ల చొప్పున వేస్తే, పాత రోజుల్లో కొన్న ఆయన ఇంటి విలువ రికార్డులో 4 లక్షలైతే 240 డాలర్లు. అదే నమూనా ఇల్లు మీరు 15 లక్షలకు కొని ఉంటే 900. ఈ తేడా అన్యాయమని ఒక కొత్త కొనుగోలుదారు సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 1992లో ఆ కేసు ఓడిపోయింది.

ప్రశ్న: వయసు 70 దాటింది. 1990లో కొన్న ఇల్లు. అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. ఇల్లు వాడికి రాసిస్తే మా పాత పన్నే వాడికీ వస్తుందని మిత్రులంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకుడు, శాన్‌హోసే

జవాబు: మీ మిత్రులు పాత కబురు చెబుతున్నారండీ. 2020లో నెగ్గిన ప్రపొజిషన్ 19తో 2021 ఫిబ్రవరి 16 నుంచి అది మారిపోయింది. ఏడాదిలోగా అబ్బాయి వచ్చి సొంత నివాసంగా ఉంటేనే ఊరట. ఆ ఊరటకూ ఒక హద్దుంది: పాత పన్ను విలువ మీద 10,44,586 డాలర్ల వరకు (2027 ఫిబ్రవరి 15 దాకా). ఇంటి ధర 18 లక్షలు, పన్ను విలువ 4 లక్షలు అనుకుందాం. అబ్బాయి వచ్చి ఉంటే ఆ హద్దు దాటిన భాగం మాత్రమే పాత విలువకు కలిసి కొత్త పన్ను విలువ సుమారు 7.55 లక్షలు. డాలస్‌లోనే ఉండి అద్దెకిస్తే నేరుగా 18 లక్షలు.

ఇంకో చిక్కు. బతికుండగా రాసిస్తే, రేపు అబ్బాయి అమ్ముకున్నప్పుడు లాభాన్ని మీ 1990 నాటి ధర నుంచే లెక్కగడతారు. వారసత్వంగా వస్తే ఆ వారసత్వం వచ్చిన నాటి మార్కెట్ ధర నుంచి. కాబట్టి తొందరపడి డీడ్ మీద సంతకం పెట్టకండి, ముందు ఎస్టేట్ న్యాయవాదిని కలవండి. మీకు మాత్రం ప్రపొజిషన్ 19లో ఒక మేలుంది: 55 దాటినవారు సొంత నివాసం అమ్మి రెండేళ్లలోగా ఈ రాష్ట్రంలో ఇంకో ఇల్లు కొంటే పాత పన్ను విలువను వెంట తీసుకుపోవచ్చు. అలా మూడుసార్ల వరకు.

ప్రశ్న: ఇల్లు కొన్న కొన్నాళ్లకు ‘సప్లిమెంటల్’ అని ఇంకో బిల్లు వచ్చింది. పన్ను లోన్ కంపెనీయే కడుతోంది కదా, పారేయొచ్చా?
- ఒక పాఠకురాలు, డబ్లిన్

జవాబు: పారేయకండి. పాత యజమాని విలువకూ మీరు కొన్న ధరకూ ఉన్న తేడా మీద వేసిన పన్ను అది. సాధారణంగా ఈ బిల్లు లోన్ కంపెనీకి వెళ్లదు, మీ తపాలాపెట్టెకే వస్తుంది. గడువు దాటితే 10 శాతం జరిమానా.