గర్భాశయ క్యాన్సరు చికిత్స తరువాత వచ్చు ఆవిర్లు

శస్త్రచికిత్స జరిగి, గాయము మానుచుండగనే కొందరు సోదరీమణులకు ముఖము, మెడ భగ్గున మండి, ఒడలు చెమటతో తడిసిపోవును. రాత్రులు నిద్ర యుండదు. రోగము తిరుగబెట్టినదని వారు భయపడుదురు. అది నిజము కాదు.

గర్భాశయముతోపాటు సాధారణముగా అండాశయములను కూడ తీసివేయుదురు. వానినుండి వెలువడు ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా ఆగిపోవును. సహజముగా ముట్లుడుగునపుడు కొన్ని సంవత్సరములకు జరుగు మార్పు, ఇంకను ముట్టు నిలువని స్త్రీకి ఇట్లు కొద్ది దినములలోనే జరుగుటచే బాధ హెచ్చుగా నుండును.

పలుచని నూలు చీర, పడక చెంత చన్నీళ్ల చెంబు, గాలి వచ్చు గది మేలు చేయును. కారము, వేడి కాఫీ ఆవిర్లను రేపుచున్నచో తగ్గించి చూడవలెను. ఎముకలు పలుచబడకుండ పాలు, మజ్జిగ, రాగి అంబలి పుచ్చుకొని, దినమునకు అరగంట నడచుట మంచిది. యోనియందలి పొడితనమును చెప్పుకొనుటకు చాలమంది సిగ్గుపడుదురు. దానికి హార్మోను లేని లేపనములు కలవు, నర్సమ్మకైనను చెప్పవచ్చును.

పొరుగామెకు కుదిరినవని హార్మోను మాత్రలను మాత్రము కొని మ్రింగరాదు. గర్భాశయపు లోపొరలో పుట్టు క్యాన్సరు పెక్కుమారులు ఈస్ట్రోజెన్ వలననే పెరుగును. నాటువైద్యుని పొడులలో నేమున్నదో మనకు తెలియదు. ఆవిర్లు భరింపరానివైనచో హార్మోనులు కాని మందులు ఉన్నవి. వానిని చికిత్స చేసిన వైద్యుడే నిర్ణయింపవలెను.

రక్తము కనబడుట ముట్లుడుగు లక్షణము కాదు. ఒక్క చుక్కయైనను, తదుపరి పరీక్ష తేదీకై వేచియుండక, పాత కాగితములతో ఆసుపత్రికి వెళ్లవలెను.