సుబ్బమ్మ కథ ఎవరిది?

నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. ఆ పల్లెలో సుబ్బమ్మ ఉంది. వయసు డెబ్బై దాటింది. 1991లో జిల్లాలో అక్షరదీపం మొదలైంది. అప్పుడు సుబ్బమ్మ పగలు నాట్లకు పోయేది. రాత్రి పలక పట్టుకుని కూర్చునేది. అలా చదువు నేర్చింది.

సుబ్బమ్మ కథలు బాగా చెబుతుంది. నాట్లు వేసేటప్పుడు ఆమె పక్కన నిలబడాలని ఆడవాళ్ళు పోటీ పడేవారు. కథ వింటూ ఉంటే నడుము నొప్పి తెలియదు మరి!

ఒకరోజు మనవరాలు జ్యోతి పేపరు పట్టుకుని వచ్చింది. జ్యోతి నెల్లూరులో డిగ్రీ చదువుతోంది.

"అవ్వా, ఇది చూడు. సినిమాకు, టీవీకి కొత్త కథలు కావాలంట. పోటీ పెట్టారు. ఒక పేజీలో రాసి పంపాలి. గెలిస్తే పాతిక వేలు. నీ నిశాని కథ పంపుదామా?"

"నా కథ సినిమా వాళ్ళకెందుకే?" అని సుబ్బమ్మ నవ్వింది. కానీ ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు.

నిశాని కథ సుబ్బమ్మ నాయన కథ. ఆయనకు ఎకరం ముప్పై సెంట్ల మాగాణి ఉండేది. పెద్ద కూతురి పెళ్ళికి అప్పు కావలసి వచ్చింది. ఊళ్ళో ఒక ఆసామి డబ్బు ఇచ్చాడు. "ఇది తాకట్టు కాగితం. నిశాని వెయ్యి" అన్నాడు. నాయన వేలిముద్ర వేశాడు. రెండేళ్ళకు అప్పు తీర్చడానికి పోయాడు. "ఏ అప్పు? నువ్వు పొలం అమ్మావు గదా" అన్నాడు ఆసామి. నాయన చివరిదాకా ఆ పొలంలోనే కూలికి పోయాడు.

చదువు వచ్చాక సుబ్బమ్మ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయింది. ఆ కాగితానికి నకలు తీయించింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. తాకట్టు అనే మాటే అందులో లేదు. క్రయ దస్తావేజు అని ఉంది. చివర 'చదివి వినిపించగా విని ఒప్పుకున్నాను' అని కూడా ఉంది. దాని కింద నాయన నిశాని. పొలం మాత్రం తిరిగి రాలేదు.

మర్నాడు సుబ్బమ్మ నోటుబుక్కు తీసింది. తాత కాలం నుంచి మొదలు పెట్టింది. పద్నాలుగు పేజీలు అయ్యాయి. నాయన ఇంకా నిశాని వెయ్యనే లేదు!

"ఒక్క పేజీయే అవ్వా" అంది జ్యోతి.

సుబ్బమ్మకు కోపం వచ్చింది. కొత్త కాగితం మీద ఒకే వాక్యం రాసింది. 'చదువు రాకపోతే మోసపోతారు.'

"ఇది నీతి. కథ కాదు" అంది జ్యోతి. "ఇది నూరుమంది రాస్తారు. మనిషి ఎవరు? ఆయనకు ఏం కావాలి? ఎవరు అడ్డం పడ్డారు? చివరికి ఏమైంది? ఇవి ఉండాలి. ఇంకొకటి. సినిమా కంటితో చూసేది గదా. 'బాధపడ్డాడు' అని రాస్తే ఏం చూపిస్తారు? నీకు ఏం కనపడింది?"

సుబ్బమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. "ఆ రోజు నాయన ఇంటికొచ్చి బొటనవేలి సిరా గోడకు రుద్దినాడు. ఆ మరక చానా రోజులు ఉండింది. సున్నం కొట్టినా అమ్మ ఆ చోటు వదిలేసింది."

"అదే రాయి" అంది జ్యోతి.

కథ గోడ మీద మరకతో మొదలైంది. నకలు కాగితం మీది మరకతో ముగిసింది. సరిగ్గా ఒక పేజీ.

ఇక ఫారం నింపాలి. ఫారం వెనక చిన్న అక్షరాలతో షరతులు ఉన్నాయి. "అవన్నీ మామూలే అవ్వా. సంతకం పెట్టు" అంది జ్యోతి. సుబ్బమ్మ కళ్ళజోడు తుడుచుకుంది. ఒకటో షరతు నుంచి చదివింది. ఏడో షరతు దగ్గర ఆగింది. 'పోటీకి వచ్చిన అన్ని కథల మీద సర్వహక్కులు శాశ్వతంగా నిర్వాహకులవే' అని ఉంది.

"అన్ని కథలూ అంటే? గెలవనివి కూడానా?"

జ్యోతి దగ్గర జవాబు లేదు.

ఆడవాళ్ళకు న్యాయ సహాయం ఉచితం. ఆదాయం ఎంత అని కూడా అడగరు. 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు. ఇద్దరూ కోర్టు ఆవరణలోని న్యాయ సేవా కమిటీకి పోయారు. అక్కడి లాయరమ్మ ఫారం రెండుసార్లు చదివింది.

"ఇదీ క్రయ దస్తావేజేనా తల్లీ?" అని సుబ్బమ్మ అడిగింది.

"దానికన్నా అన్యాయం పెద్దమ్మా. క్రయానికి రేటన్నా ఉంటుంది. ఇక్కడ ఓడిపోయిన వాళ్ళ కథ ఊరికే పోతుంది."

లాయరమ్మ ఒక పాత కేసు చెప్పింది. ఢిల్లీలో ఆర్.జి. ఆనంద్ అనే ఆయన 'హమ్ హిందుస్తానీ' అని నాటకం రాశారు. 1954లో ఆ నాటకం ఆడారు. సినిమా వాళ్ళు ఆయనను కలిసి కథ విన్నారు. 1956లో 'న్యూ ఢిల్లీ' సినిమా వచ్చింది. రెండింటిలోనూ వేరు వేరు రాష్ట్రాల కుటుంబాలు, వాళ్ళ పిల్లల ప్రేమ. అది నా కథే అని ఆయన కోర్టుకు పోయారు. కేసు సుప్రీం కోర్టు దాకా పోయింది. 1978లో తీర్పు వచ్చింది. ఆయన ఓడిపోయారు. ఆలోచన ఒకటే కావచ్చు, చెప్పిన తీరు వేరు అంది కోర్టు. ఆలోచన మీద ఎవరికీ హక్కు లేదు. రాసిన రూపం మీదే హక్కు.

"అంటే నోటితో చెబితే పోయినట్టేనా?"

"ఉత్త ఆలోచన అయితే అంతే. నువ్వు మరక దగ్గర నుంచి వివరంగా రాశావు. ఆ రాత నీది. రాసిన రోజు నుంచే హక్కు నీది. 1957 నాటి కాపీరైటు చట్టం అలా చెబుతుంది. రిజిస్టరు చేయకపోయినా హక్కు ఉంటుంది. చేస్తే సాక్ష్యం గట్టిగా ఉంటుంది. ఢిల్లీలోని కాపీరైటు ఆఫీసులో కథకు 500 రూపాయలు కట్టాలి. ఏం చేసినా నకలు ఒకటి తేదీ వేసి ఇంట్లో పెట్టుకో."

హక్కు ఇవ్వాలంటే కాగితం మీద రాయాలి. కథ రాసిన మనిషి సంతకం పెట్టాలి. ఏ హక్కు, ఎన్నేళ్ళకు, ఎంత డబ్బుకు అని అందులో ఉండాలి. ఎన్నేళ్ళో రాయకపోతే ఐదేళ్ళే. ఏ ప్రాంతానికో రాయకపోతే మన దేశానికే. కానీ ఇక్కడ 'శాశ్వతంగా' అని రాసి పెట్టారు. అందుకే ఆ ఒక్క మాట బరువైనది. కథ అమ్మినా, ఇది నేను రాశాను అని చెప్పుకునే హక్కు మాత్రం పోదు.

పోటీలన్నీ ఇలా ఉండవు. గెలిచిన కథకే హక్కు తీసుకునేవి ఉన్నాయి. తెర మీద పేరు వేస్తామని రాసి ఇచ్చేవి ఉన్నాయి. రుసుము అడిగినంత మాత్రాన మోసం అనుకోకూడదు. అడగనంత మాత్రాన మంచిదనీ అనుకోకూడదు.

సుబ్బమ్మ నిర్వాహకులకు ఉత్తరం రాసింది. 'గెలిచిన కథ వరకే హక్కు తీసుకోండి. ఏడో షరతు మార్చండి' అని అడిగింది. వారం తర్వాత ఫోను వచ్చింది. "అందరూ సంతకం పెట్టారమ్మా. ఎవరూ అడగలేదు. ఒక్క మీరే అడుగుతున్నారు" అన్నాడు అవతల మనిషి.

"మా నాయన అడగలేదు నాయనా" అని సుబ్బమ్మ ఫోను పెట్టేసింది. కథ పంపలేదు. పాతిక వేలు పోయాయని జ్యోతి రెండు రోజులు ముభావంగా ఉంది. ఆ పిల్ల బాధ కూడా నిజమే. ఇంటి పైకప్పు కారుతోంది.

మూడు నెలలకు జ్యోతి ఇంకో పోటీ ఫారం తెచ్చింది. ఈసారి షరతులు తనే ముందు చదివింది. గెలిచిన కథకే హక్కు, అదీ మూడేళ్ళకు. పేరు వేస్తారు. మిగిలిన కథలు రాసినవాళ్ళవే.

సుబ్బమ్మ కళ్ళజోడు పెట్టుకుంది.

"నేను చదివినాను గదా అవ్వా. బస్సుకు టైమవుతోంది. పోస్టు చేసి పోతాను" అంది జ్యోతి.

"ఉండు మే" అంది సుబ్బమ్మ. ఒకటో షరతు మీద వేలు పెట్టి చదవడం మొదలు పెట్టింది.